పడవ చుక్కానిని త్రిప్పు యంత్రహస్తము: మోటారును, డ్రైవరును ఎన్నుకొనుట ఎట్లు?

గోదావరిమీద లాంచీలో ప్రయాణము చేసినవారు సరంగును చూచియుందురు. ప్రయాణికులు ఒడ్డున కొండలను చూచుచు కబుర్లు చెప్పుకొనుచుండగా, ఆయన చేయి మాత్రము చుక్కానిని విడువదు. గాలి కొంచెము ప్రక్కకు త్రోసినను, నీటి సుడి ముక్కును మళ్లించినను, ఆయన వెంటనే గుర్తించి సరిదిద్దుచుండును. కొద్ది గంటల ప్రయాణములో ఈ పని ఒక మనిషి చేయగలడు. కాని తెరచాప పడవలో ఒక్కడే వారముల తరబడి సముద్రముపై పోవు నావికుని మాటేమి? అతడు తినవలెను, నిద్రింపవలెను, చాపలు సవరింపవలెను, పటము చూచుకొనవలెను. అప్పుడు చుక్కాని ఎవరు పట్టవలెను?

ఈ ప్రశ్నకు మొదట దొరికిన మంచి సమాధానములలో ఒకటి గాలిరెక్క. 1960లో ఇంగ్లండులోని ప్లిమత్ నుండి అమెరికాలోని న్యూయార్కు వరకు అట్లాంటిక్ మహాసముద్రముపై ఒంటరి నావికుల పందెము జరిగినది. దానిలో 40 దినములలో గమ్యము చేరి గెలిచిన ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన పడవకు ఇట్టి రెక్కనొకదానిని అమర్చి, దానికి మిరాండా అని ముద్దుపేరు పెట్టుకొనెను. గాలి దిశతో పడవ చేయు కోణము మారినప్పుడెల్లను ఆ రెక్క చుక్కానిని కదల్చును. దీనికి విద్యుత్తు అక్కరలేదు. అయితే ఇది గాలిని అనుసరించునే గాని దిక్కును అనుసరింపదు. గాలి మళ్లినచో పడవయు మళ్లును. గాలి లేనప్పుడు ఇంజనుతో పోవు పడవకు ఇది పనికిరాదు. అందుచేత దిక్సూచిని చూచి నడుపు విద్యుత్ స్వయంచాలక చుక్కాని అవసరమైనది.

ఈ యంత్రములో మూడు భాగములు కలవు. దిక్సూచి కన్నువంటిది. లెక్క కట్టు భాగము మెదడువంటిది. చుక్కానిని త్రిప్పు మోటారు చెయ్యివంటిది. మెదడు ఎట్లు ఆలోచింపవలెనో 1922లోనే నికొలాస్ మినోర్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు గణితరూపమున వివరించెను. అనుభవజ్ఞుడైన సరంగు పడవ ఎంత ప్రక్కకు తిరిగినదో మాత్రమే చూడడు. ఎంత వేగముగా తిరుగుచున్నదో కూడ చూచును. ఈ సూక్ష్మమును మినోర్‌స్కీ సమీకరణములలోనికి తెచ్చెను. నేడు అరచేతిలో ఇముడు చిన్న కంప్యూటరు ఈ లెక్కను సులభముగా చేయగలదు. దానికి కావలసిన ప్రోగ్రాములు కూడ ఉచితముగా లభించుచున్నవి. అందుచే పలు దేశములలో పడవలున్న ఔత్సాహికులు ఈ యంత్రమును ఇంటివద్దనే తయారు చేసికొనుచున్నారు.

కన్ను, మెదడు చౌకగా దొరకును. చెయ్యి మాత్రము ప్రతి పడవకును విడిగా లెక్క కట్టవలసినదే. ఆ లెక్క తప్పినచో మోటారు కాలిపోవుటయో, డ్రైవరు పేలిపోవుటయో, అర్ధరాత్రి చుక్కాని ఒక ప్రక్కకు బిగిసిపోవుటయో సంభవించును. డ్రైవరు అనగా మెదడునుండి వచ్చు బలహీనమైన సంకేతమును అందుకొని, బ్యాటరీనుండి మోటారుకు పెద్ద విద్యుత్ప్రవాహమును పంపు వలయము. ఈ రెంటిని ఎన్నుకొను పద్ధతిని ఈ వ్యాసములో తెలిసికొందము. ఇందులో ఉన్నత పాఠశాలలో నేర్చు భౌతికశాస్త్రమునకు మించినది ఏదియు లేదు.

మొదట పనిని కొలువవలెను

దుకాణమునకు పోయి "పడవ చుక్కానికి తగిన మోటారు ఇమ్ము" అని అడుగుట వైద్యుని "జ్వరమునకు మందు ఇమ్ము" అని అడుగుటవంటిది. జ్వరమెంతో ముందు చూడవలెను. మనకును మూడు సంఖ్యలు కావలెను: చుక్కానిని త్రిప్పుటకు ఎంత బలము కావలెను? ఎంత దూరము కదలవలెను? ఎంత వేగముగా కదలవలెను?

ఉదాహరణకు 8 మీటర్ల పొడవు, సుమారు 4 టన్నుల బరువుగల తెరచాప పడవను తీసికొందము. ఇట్టి పడవలో చక్రము ఉండదు. చుక్కాని ఇరుసుకు ఒక పొడవాటి కర్ర బిగించియుండును. దానిని చేతితో అటునిటు త్రోసి పడవను మళ్లింతురు. దీనిని పిడికర్ర అందము. గాలి బాగుగా వీచు దినమున పడవను నడుపుచు, ఇరుసునుండి 90 సెంటీమీటర్ల దూరములో పిడికర్రకు స్ప్రింగు త్రాసును తగిలించి, కర్రకు లంబముగా లాగి పట్టవలెను. త్రాసు 20 కిలోగ్రాముల భారమును చూపినదనుకొందము.

మోటారును అంత దూరమున అమర్చుటకు వీలుండదు. నావికుడు కూర్చుండు చోటు అదియే. సాధారణముగా ఇరుసునుండి 45 సెంటీమీటర్ల వద్ద అమర్చుదురు. తులాదండ సూత్రము ప్రకారము బలమును దూరముచే గుణించగా వచ్చు భ్రామకము రెండుచోట్లను సమానముగా ఉండవలెను. దూరము సగమైనది కావున బలము రెట్టింపగును. అనగా 40 కిలోగ్రాముల భారము, సుమారు 400 న్యూటన్లు. ఇది మొదటి సంఖ్య.

చుక్కాని మధ్యనుండి ఇరుప్రక్కలకును 20 డిగ్రీలు తిరిగినచో చాలును. 45 సెంటీమీటర్ల వద్ద ఈ కదలిక మొత్తము దాదాపు 31 సెంటీమీటర్లు. ఇది రెండవ సంఖ్య.

ఇక వేగము. వెనుకనుండి వచ్చు అల పడవ వెనుకభాగమును ఎత్తి ప్రక్కకు త్రోయును. చుక్కాని నింపాదిగా తిరిగినచో, అది తిరుగుట ముగియునప్పటికి పడవ అడ్డముగా మళ్లియుండును. సెకనుకు 6 డిగ్రీల వేగము ఇట్టి పడవకు తగినది. 45 సెంటీమీటర్ల వద్ద ఒక డిగ్రీ అనగా సుమారు 8 మిల్లీమీటర్లు. కావున మోటారు కడ్డీని సెకనుకు దాదాపు 5 సెంటీమీటర్ల వేగమున త్రోయవలెను. ఇది మూడవ సంఖ్య.

ఇప్పుడు సామర్థ్యము లెక్క కట్టుదము. బలమును వేగముచే గుణించిన సామర్థ్యము వచ్చును. 400 న్యూటన్లు × సెకనుకు 0.05 మీటరు = 20 వాట్లు. సెకనుకు ఒక మీటరు చొప్పున 2 కిలోగ్రాముల బరువును పైకెత్తుటకు ఇంతే చాలును. 4 టన్నుల పడవను నడుపు చేతికి కావలసినది ఇంతేనా అని ఆశ్చర్యము కలుగవచ్చును. పడవను ముందుకు నడుపునది గాలి, మళ్లించునది చుక్కాని పలకపై పడు నీటి ఒత్తిడి. మోటారు ఆ పలకను త్రిప్పి నిలుపుట మాత్రమే చేయును.

దారిలో పోవు శక్తి

మోటారు నిమిషమునకు వేల చుట్లు తిరుగును. మనకు కావలసినదో నెమ్మదిగా, బలముగా సాగు తిన్నని కదలిక. అందుకు పళ్లచక్రములను, మరకడ్డీని వాడుదురు. మరకడ్డీ అనగా పొడవాటి మరమేకు. దానిమీద ఒక నట్టు ఉండును. కడ్డీ తిరిగినప్పుడు నట్టు ముందుకో వెనుకకో జరుగును. ఒక చుట్టుకు నట్టు 5 మిల్లీమీటర్లు జరుగు కడ్డీని తీసికొన్నచో, సెకనుకు 5 సెంటీమీటర్ల వేగమునకు సెకనుకు 10 చుట్లు, నిమిషమునకు 600 చుట్లు కావలెను. భారముతో నిమిషమునకు 3,000 చుట్లు తిరుగు మోటారైనచో, 5కు 1 చొప్పున వేగము తగ్గించు పళ్లచక్రములు సరిపోవును.

అయితే మరకడ్డీలో ఘర్షణ ఎక్కువ. మామూలు మరకడ్డీ దక్షత నూటికి 40 వరకు ఉండవచ్చును. పళ్లచక్రముల దక్షత నూటికి 80 అనుకొందము. చుక్కాని వద్ద 20 వాట్లు కావలెనన్నచో మోటారు ఇరుసు వద్ద 20 ÷ 0.4 ÷ 0.8, అనగా దాదాపు 63 వాట్లు కావలెను. మూడింట రెండు వంతులు దారిలోనే వేడిగా మారిపోవుచున్నది.

దీనికి మారుగా కడ్డీకి నట్టుకు మధ్య ఉక్కు గుండ్లు దొరలునట్టి గుండ్లమరను వాడవచ్చును. దాని దక్షత నూటికి 90 వరకు ఉండును. అప్పుడు మోటారు వద్ద 28 వాట్లు చాలును. మరి అందరును దీనినే ఎందుకు వాడరు? ఇందులో ఒక చిక్కు కలదు. సుమారుగా దక్షత నూటికి 50కి లోపున్న మర వెనుకకు తిరుగదు. కడ్డీని త్రిప్పిన నట్టు జరుగును గాని, నట్టును ఎంత త్రోసినను కడ్డీ తిరుగదు. కారెత్తు జాకీని చూడుడు. పిడి వదలినను కారు క్రిందికి దిగదు. అట్లే మామూలు మరకడ్డీ మోటారు ఆగినప్పుడు కూడ చుక్కానిని ఉన్నచోటనే పట్టియుంచును. అందుకు విద్యుత్తు ఖర్చు కాదు. గుండ్లమర పట్టియుంచదు. నీటి ఒత్తిడికి వెనుకకు తిరిగిపోవును. దానిని నిలుపుటకు మోటారుకు ప్రవాహము ఇచ్చుచుండవలెను, లేక బ్రేకు అమర్చవలెను. ఘర్షణ ఒకచోట నష్టము, ఒకచోట సహాయము. ఏది మేలో పడవను బట్టి తేల్చుకొనవలెను. మన ఉదాహరణలో మామూలు మరకడ్డీనే వాడుదము.

మోటారు స్వభావము

శాశ్వత అయస్కాంతములు గల ఏకముఖ విద్యుత్ మోటారును 12 వోల్టుల బ్యాటరీకి కలిపినచో అది తిరుగును. తిరుగుచున్నప్పుడే అది డైనమోవలె కూడ పనిచేయును. అయస్కాంత క్షేత్రములో తిరుగు తీగచుట్టలో బ్యాటరీకి ఎదురుగా ఒక విద్యుచ్చాలక బలము పుట్టును. దీనిని వ్యతిరేక విద్యుచ్చాలక బలము అందురు. మోటారు ఎంత వేగముగా తిరిగిన ఇది అంత ఎక్కువ. బ్యాటరీ వోల్టేజినుండి దీనిని తీసివేసి, మిగిలినదానిని చుట్ట నిరోధముచే భాగించిన విద్యుత్ప్రవాహము వచ్చును.

మన మోటారు చుట్ట నిరోధము 0.4 ఓము అనుకొందము. భారము లేనప్పుడు ఒక ఆంపియరు మాత్రమే తీసికొని వేగముగా తిరుగును. చుక్కానిని త్రోయునప్పుడు వేగము కొంత తగ్గును. వ్యతిరేక బలము 8.8 వోల్టులకు దిగినదనుకొన్నచో, 12 − 8.8 = 3.2 వోల్టులు మిగులును. 3.2 ÷ 0.4 = 8 ఆంపియర్లు. బ్యాటరీ ఇచ్చునది 96 వాట్లు. ఒక ఆంపియరు మోటారు సొంత ఘర్షణకు పోగా, 7 ఆంపియర్లు × 8.8 వోల్టులు = సుమారు 62 వాట్లు ఇరుసు వద్ద లభించును. మనకు కావలసినది దాదాపు 63 వాట్లు. లెక్క కుదిరినది. ఈ మోటారు మనకు తగినది.

ఇంతవరకు వచ్చి, "నా మోటారు 8 ఆంపియర్లు తీసికొనును గావున 10 ఆంపియర్ల డ్రైవరు చాలును" అని అనుకొనుట సహజము. పొరపాటంతయు ఇక్కడనే జరుగును.

మోటారు ఆగిపోయినప్పుడు, వెనుకకు మళ్లినప్పుడు

చుక్కాని చివరివరకు పోయి అడ్డుకు తగిలినదనుకొనుడు. లేక పిడికర్ర క్రింద త్రాడొకటి ఇరుకుకొనినదనుకొనుడు. మోటారు తిరుగలేక ఆగిపోవును. తిరుగనప్పుడు వ్యతిరేక విద్యుచ్చాలక బలము లేదు. మొత్తము 12 వోల్టులును 0.4 ఓము నిరోధముపైననే పడును. 12 ÷ 0.4 = 30 ఆంపియర్లు. చుట్టలో పుట్టు వేడి ప్రవాహపు వర్గమునకు అనుపాతములో ఉండును. 8 ఆంపియర్ల వద్ద అది 26 వాట్లు కాగా, 30 ఆంపియర్ల వద్ద 360 వాట్లు. అనగా 14 రెట్లు. గాలి తగులని పెట్టెలో ఉన్న మోటారుకు ఇది కొద్దిసేపటిలోనే ప్రాణాంతకము.

ఇంతకంటెను కఠినమైన క్షణము మరొకటి కలదు. మోటారు ఒకవైపు తిరుగుచుండగా, మెదడు "వెంటనే రెండవవైపు తిరుగుము" అని ఆజ్ఞాపించినదనుకొందము. డ్రైవరు బ్యాటరీ ధ్రువములను తారుమారు చేయును. కాని మోటారు ఇంకను మొదటి దిశలోనే తిరుగుచున్నది. ఇంతవరకు బ్యాటరీకి ఎదురైన వ్యతిరేక బలము ఇప్పుడు దానితో చేయి కలుపును. 12 + 8.8 = 20.8 వోల్టులు. 20.8 ÷ 0.4 = 52 ఆంపియర్లు. భారము తక్కువగా ఉండి మోటారు మరింత వేగముగా తిరుగుచున్నచో ఇది 60 ఆంపియర్లకు చేరువగును. తీగల నిరోధము, బ్యాటరీ అంతర్నిరోధము దీనిని కొంత తగ్గించినను, 8 ఆంపియర్లతో దీనికి పోలికయే లేదు. అలలపై పడవను నడుపు యంత్రము గంటకు ఎన్నో మారులు ఇట్లు వెనుకకు మళ్లుచుండును.

కావున మోటారును అది నిత్యము చేయు పనినిబట్టి ఎన్నుకొనవలెను. డ్రైవరును మాత్రము మోటారుకు వచ్చు అత్యంత కష్టకాలమునుబట్టి ఎన్నుకొనవలెను. ఈ వ్యాససారమంతయు ఈ రెండు వాక్యములలోనే ఉన్నది.

డ్రైవరు నిర్మాణము

డ్రైవరులో నాలుగు ఎలక్ట్రానిక్ స్విచ్చులు వంతెనవలె అమరియుండును. బ్యాటరీ ధన ధ్రువమునుండి రెండు, ఋణ ధ్రువమునుండి రెండు. మోటారు మధ్యనుండును. ఎదురెదురు మూలలనున్న ఒక జతను మూసినచో మోటారు ఒకవైపు తిరుగును. రెండవ జతను మూసినచో రెండవవైపు తిరుగును. పొరపాటున ఒకే ప్రక్కనున్న పై స్విచ్చి, క్రింది స్విచ్చి ఒకేసారి మూసికొన్నచో బ్యాటరీ ధ్రువములు నేరుగా కలిసి స్విచ్చులు మాడిపోవును. అందుచేత ఒకటి తెరచుకొనిన పిదప క్షణములో అత్యల్ప భాగము ఆగి రెండవది మూసికొనునట్లు ఏర్పాటుండవలెను.

వేగమును తగ్గించుటకు వోల్టేజిని తగ్గింపరు. స్విచ్చులను సెకనుకు వేల మారులు తెరచి మూయుదురు. సగము కాలము మూసియుంచినచో మోటారుకు సగటున 6 వోల్టులు అందును. తెరచిన క్షణములలో కూడ మోటారు చుట్టలోని స్వయంప్రేరణవలన ప్రవాహము ఆగదు. నెట్టి వదలిన ఊయలవలె కొంతదూరము సాగుచునే ఉండును. ఆ ప్రవాహమునకు దారి చూపు డయోడులు డ్రైవరులో తప్పక ఉండవలెను. సెకనుకు 20,000 మారులు తెరచి మూసినచో మోటారు కూత మన చెవికి వినబడదు. పడవలో నిద్రించువానికి ఇది చిన్న ఉపకారము కాదు.

స్విచ్చులుగా ఏవి వాడవలెను? పాఠశాల ప్రదర్శనలలో బొమ్మకారులకు వాడు ఎల్ 298 అను చిప్పు చాలామంది విద్యార్థులకు పరిచితమే. అది పాత తరహా ట్రాన్సిస్టర్లతో చేసినది. ఒక్కొక్క వంతెన 2 ఆంపియర్లకు మించి నిలకడగా ఇయ్యలేదు. పైగా రెండు మూడు వోల్టులను తానే మ్రింగివేయును. ఇది మన పనికి చాలదు. మాస్‌ఫెట్ అను రకపు ట్రాన్సిస్టర్లు వాడిన డ్రైవరు మేలు. మూసియున్నప్పుడు ఒక్కొక్క మాస్‌ఫెట్ నిరోధము 0.01 ఓము అనుకొందము. ప్రవాహము రెంటిగుండా పోవును గనుక మొత్తము 0.02 ఓము. 8 ఆంపియర్ల వద్ద పుట్టు వేడి సుమారు 1.3 వాట్లు మాత్రమే. కాని 30 ఆంపియర్ల వద్ద 18 వాట్లు. చల్లార్చు అల్యూమినియము పలక లేకున్నచో అది నిలువదు.

ప్రకటనలలోని అంకెలను చదువునప్పుడు జాగ్రత్త అవసరము. బీటీఎస్ 7960 అను చిప్పులతో చేసిన డ్రైవరు పలకలను "43 ఆంపియర్లు" అని అమ్ముదురు. ఆ 43 ఆంపియర్లు చిప్పు తన్ను తాను కాపాడుకొనుటకు ప్రవాహమును అడ్డగించు స్థాయి. గంటల తరబడి మోయగల భారము కాదు. ఒక మనిషి క్షణకాలము ఎత్తగల బస్తాను దినమంతయు మోయగలడనుట ఎట్టిదో ఇదియు అట్టిదే.

డ్రైవరును పెద్దదిగా తీసికొనుట ఒక్కటే చాలదు. దానికి రెండు మంచి అలవాట్లు కూడ నేర్పవలెను. మొదటిది, ప్రవాహమును కొలిచి ఒక హద్దు దాటనీయకుండుట. మన మోటారుకు 15 ఆంపియర్ల హద్దు పెట్టుదము. అప్పుడు చుక్కానిపై బలము మామూలుకు రెండింతలు, అనగా సుమారు 80 కిలోగ్రాముల భారము వరకు లభించును. పెద్ద అలకు అది చాలును. హద్దు లేనిచో 30 ఆంపియర్ల వద్ద ఆ బలము నాలుగింతలై పిడికర్రనే విరువగలదు. కావున ఈ హద్దు ఎలక్ట్రానిక్ వస్తువులనే గాక కొయ్యను కూడ కాపాడును. ప్రవాహము హద్దు వద్దనే కొంతసేపు నిలిచినచో మోటారు ఎక్కడనో ఇరుకుకొనినదని గ్రహించి, దానిని ఆపి గంట మ్రోగింపవలెను.

రెండవ అలవాటు, దిశ మార్చునప్పుడు తొందరపడకుండుట. పావు సెకనులో వేగమును క్రమముగా సున్నకు తగ్గించి, పిదప రెండవ దిశలో క్రమముగా పెంచినచో 50, 60 ఆంపియర్ల పోటు రానేరాదు. ఈ రెండు ఏర్పాట్లున్నచో నిలకడగా 20 ఆంపియర్లు మోయగల మాస్‌ఫెట్ డ్రైవరు, దానికి మంచి అల్యూమినియము పలక, మన పడవకు సరిపోవును.

ఏ మోటారు?

ఔత్సాహికులు తరచుగా వాడునది పాత కార్లలో అద్దమును తుడుచు వైపరు మోటారు. అది చౌకగా దొరకును. వేగమును తగ్గించు పురుగుచక్రము దానిలోనే ఇమిడియుండును. వర్షములో పనిచేయుటకు నిర్మింపబడినది. దీనితో ఒక జాగ్రత్త అవసరము. పెక్కు వైపరు మోటార్లలో తీగచుట్ట ఒక కొస మోటారు లోహపు పైకవచమునకే కలిపియుండును. డ్రైవరు ధ్రువములను మార్చినప్పుడు ఆ కవచము ధన ధ్రువమగును. అది పడవలోని మరొక లోహమునకు తగిలినచో ప్రమాదము. కొనుటకు ముందు తీగలకు, కవచమునకు మధ్య సంబంధమున్నదేమో మీటరుతో పరీక్షింపవలెను. సంబంధమున్నచో కవచమును పూర్తిగా వేరుపరచి అమర్చవలెను.

అంచెలంచెలుగా తిరుగు స్టెపరు మోటార్లు ముద్రణయంత్రములలో చక్కగా పనిచేయును. చుక్కానికి మాత్రము అవి అంత అనుకూలము కావు. మామూలు పద్ధతిలో నడుపునప్పుడు అవి నిలిచియున్నప్పుడు కూడ ప్రవాహమును తీసికొనుచునే ఉండును. హఠాత్తుగా పెద్ద అల కొట్టినచో అంచె తప్పును. తప్పినట్లు వాటికి తెలియదు. బ్రష్షులు లేని మోటార్లు దక్షతలో మిన్న, అరుగుదల తక్కువ. కాని వాటి డ్రైవరు మరింత చిక్కైనది. మొదటిసారి చేయువానికి బ్రష్షులుగల మోటారే మంచి గురువు.

బ్యాటరీ, తీగలు

మోటారు ఎప్పుడును తిరుగుచుండదు. కాలములో నాలుగవ వంతు తిరిగినదనుకొందము. 8 ఆంపియర్లలో నాలుగవ వంతు 2 ఆంపియర్లు. 24 గంటలకు 48 ఆంపియర్ గంటలు. 100 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీని సగమునకు మించి ఖాళీ చేసినచో దాని ఆయుర్దాయము తగ్గును. అనగా మన బ్యాటరీ ఒక్క దినమునకు వచ్చును. గుండ్లమర వాడి, మోటారు దక్షత నూటికి 65 అనుకొన్నచో, 28 వాట్లకు బ్యాటరీ 43 వాట్లు ఇయ్యవలెను. ఇది 3.6 ఆంపియర్లు. పట్టియుంచుటకు బ్రేకు కూడ ఉన్నచో అదే బ్యాటరీ రెండు దినములకు పైగా వచ్చును. ప్రతి చిన్న అలకును స్పందింపక, పడవ రెండు మూడు డిగ్రీలు మళ్లిన పిదపనే కదలునట్లు మెదడును దిద్దినచో ఇంకను ఆదా అగును. మంచి సరంగు చేయి కూడ ఊరక కదలదు.

తీగలను నిర్లక్ష్యము చేయరాదు. బ్యాటరీ 5 మీటర్ల దూరమున ఉన్నచో, పోవుటకు వచ్చుటకు కలిపి 10 మీటర్ల తీగ. ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగితీగ నిరోధము 0.17 ఓము. 8 ఆంపియర్ల వద్ద 1.4 వోల్టులు తీగలోనే పోవును. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల తీగలో అర వోల్టుకు కొంచెము మించి మాత్రమే పోవును. తీగ మొదట, బ్యాటరీ ప్రక్కనే ఫ్యూజు ఉండవలెను. మోటారును, దాని అయస్కాంతములను దిక్సూచికి దూరముగా ఉంచవలెను. లేకున్నచో చెయ్యి కదలినప్పుడెల్ల కన్ను మోసపోవును.

మనిషి చేయికి చోటు

చివరిది, అన్నింటికంటె ముఖ్యమైనది. మరకడ్డీ వెనుకకు తిరుగదని చెప్పితిమి గదా. అట్టి కడ్డీ పిడికర్రకు తగిలియుండగా యంత్రము చెడిపోయినచో, ఎదుట రాయి కనబడినను నావికుడు చుక్కానిని కదల్పలేడు. కావున కడ్డీ చివర ఒక నిలువు చీలనుంచి, పిడికర్రనుండి ఒక్క విసురుతో పైకి ఎత్తివేయునట్లు అమర్చవలెను. చక్రముగల పడవలో విద్యుత్తు ఆగగానే విడిపోవు క్లచ్చి పెట్టవలెను. చీకటిలో, తడిచేతితో, పనిముట్లు లేకుండ విడదీయగలమా అని ఒడ్డుననే పరీక్షింపవలెను.

చుక్కాని చెడిపోవుట ఎంతటి నావకైనను సంకటమే. భారత నౌకాదళమునకు చెందిన ఆరుగురు మహిళలు 2017 సెప్టెంబరునుండి 2018 మే వరకు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అను తెరచాప నౌకలో భూమిని చుట్టి వచ్చిరి. వారిలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నమునకు చెందిన పి. స్వాతి కలరు. ఆ యాత్ర చివరి భాగములో నౌకను మళ్లించు యంత్రాంగము చెడిపోవుటచే, ముందుగా అనుకొనని మారిషస్ రేవులో వారు ఆగవలసి వచ్చినది. సుశిక్షితులైన ఆరుగురు ఉన్న నౌకకే ఇట్టి అవసరము కలిగినప్పుడు, ఒంటరివాని పడవలో యంత్రము విఫలమైననాడు మనిషి చేయికి చోటుండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

మనకు పడవ లేకున్నను ఈ సూత్రమును తరగతిలోనే చూపవచ్చును. ఒక బొమ్మ మోటారును, టార్చిలైటు బల్బును, రెండు టార్చి సెల్లులను శ్రేణిలో కలుపుడు. మోటారు తిరుగుచున్నప్పుడు బల్బు మసకగా వెలుగును. మోటారు ఇరుసును వ్రేళ్లతో మెల్లగా పట్టి ఆపుడు. బల్బు కాంతి పెరుగును. వదలుడు, తగ్గును. మోటారు ఆగినప్పుడు వ్యతిరేక విద్యుచ్చాలక బలము పోయి ప్రవాహము పెరిగినదనుటకు ఇదియే సాక్ష్యము. అమ్మీటరున్నచో రెండు సందర్భములలోను ప్రవాహమును వ్రాసికొనవచ్చును. పిమ్మట సెల్లులను తీసివేసి, మోటారు కొసలకు వోల్టుమీటరు కలిపి ఇరుసును చేతితో వేగముగా త్రిప్పుడు. ముల్లు కదలును. మోటారే డైనమో అయినది.

విద్యార్థులు ఆ మసక బల్బును, ప్రకాశించు బల్బును చూచి, "ఈ మోటారుకు డ్రైవరును ఏ ప్రవాహమునుబట్టి ఎన్నుకొనవలెను?" అను ప్రశ్నకు తామే జవాబు చెప్పగలిగినచో, చుక్కానికే గాక పంపుకు, లిఫ్టుకు, విద్యుత్ సైకిలుకు కూడ మోటారును, దాని డ్రైవరును ఎన్నుకొను దారి వారికి తెలిసినట్లే.